ఎదిగే పిల్లకి రేసు సైకిలు... మడత ఎక్కడ పెట్టాలి?

మనకో అలవాటుంది. పదేళ్ల పిల్లకి పరికిణీ కుట్టించేటప్పుడు టైలరు టేపు తీయగానే "కాస్త పొడుగ్గా పెట్టు నాయనా, ఎదిగే పిల్ల" అంటాం. అంచుకి పైన రెండు మడతలు వేయిస్తాం. ఈ సంక్రాంతికి ఒకటి విప్పుతాం, వచ్చే సంక్రాంతికి ఇంకొకటి. విప్పినచోట రంగు వెలవని చార కనిపిస్తుంది. కనిపిస్తే కనిపించింది, బట్ట మరో రెండేళ్లు వచ్చింది కదా! బూట్లూ అంతే. ఒక నంబరు పెద్దవి కొని ముందు భాగంలో దూది కుక్కుతాం. ఇల్లు గడిపేవాళ్లకి ఆ మాత్రం ముందుచూపు లేకపోతే ఎలా?

కానీ ఈ ముందుచూపు అస్సలు పనికిరాని చోటు ఒకటుంది. పిల్లకో పిల్లాడికో రేసు సైకిలు కొనేటప్పుడు!

రేసు సైకిళ్లతో మనకేం పని అనుకోకండి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అమ్మానాన్నలతో సరదాగా తొక్కడానికి వెళ్లిన పిల్లల్లో ఏ ఒక్కరికో, వంపు హ్యాండిల్ మీదికి వంగి రివ్వున దూసుకుపోయేవాళ్లని చూడగానే మనసు అటు లాగుతుంది. "నేనూ పోటీలకి వెళ్తా" అంటుంది పిల్ల. అక్కణ్నుంచి ఇంట్లో చర్చ మొదలు. ఓ మాదిరి రేసు సైకిలు కూడా ముప్ఫై నలభై వేల దగ్గరే మొదలవుతుంది. అంత డబ్బు పోసి కొన్నాక రెండేళ్లకే పొట్టిదైపోతే? ఒక సైజు పెద్దది తీసుకుంటే ఇంటర్ దాకా వస్తుంది కదా! నాన్నగారు ఈ మాట అంటారు, తాతగారు బలపరుస్తారు, షాపతను తలూపుతాడు. అతని దగ్గర ఉన్నది ఎలాగూ పెద్ద సైజే.

మా చెల్లెలి కూతురి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పన్నెండేళ్ల పిల్ల. ఎత్తు 145 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. షాపులో పెద్దవాళ్ల సైకిలే బయటికి తీసి, సీటు పూర్తిగా కిందికి దించి, పిల్లని ఎక్కించి "చూశారా మేడమ్, కాలు అందేసింది!" అన్నాడట. కాలు అందిన మాట నిజమే. మరి చెయ్యి? మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి. బ్రేకు లివరుకి వేళ్ల కొసలు మాత్రమే తగులుతున్నాయి. మా చెల్లెలు "బ్రేకు గట్టిగా నొక్కమ్మా" అంది. పిల్ల నొక్కలేకపోయింది. "అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు ఆ షాపతను. చెల్లెలు అక్కణ్నుంచి పిల్లని దింపుకుని వచ్చేసింది.

పరిచయం లేనివాళ్లకి అర్థం కాని విషయం ఇక్కడే ఉంది. సైకిలు పెద్దదంటే ఎత్తు పెద్దదనే అనుకుంటాం. ఎత్తు సంగతి సీటు దించి సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది పొడవు. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే దూరం ఫ్రేముతోనే పుడుతుంది. మామూలు సైకిలు మీద మనం నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఓ రెండంగుళాలు అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. రేసు సైకిలు మీద ముందుకు వంగి, గంట రెండు గంటలు అలాగే ఉండాలి. దూరం ఎక్కువైతే పిల్ల సీటు ముందు కొసకి జారుతుంది, భుజాలు బిగుస్తాయి, మెడ పైకెత్తి ఎత్తి నొప్పెడుతుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. మలుపులో సైకిలు పిల్ల మాట వినదు. ఇక బ్రేకు సరిగ్గా అందకపోవడం గురించి వేరే చెప్పాలా?

మేం అలా నేర్చుకోలేదా?

తాతగారి వాదన ఒకటుంటుంది. "మేమంతా మా నాన్న సైకిలు ఫ్రేములో కాలు దూర్చి తొక్కినవాళ్లమే. ఏమైపోయాం?" నిజమే, ఆ తరం అందరూ అలాగే నేర్చుకున్నారు, మోకాళ్లకి ఆ ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ అది వీధి చివర కొట్టుదాకా వెళ్లడానికి తొక్కిన సైకిలు. పక్కన ఇరవైమంది ఒకరి చక్రానికి ఒకరి చక్రం ఆనించినంత దగ్గరగా పోతుండగా తొక్కింది కాదు. పైగా ఆ రోజుల్లో గంటకింతని అద్దెకిచ్చే సైకిలు షాపులుండేవి, గుర్తుందా? వాటిలో పిల్లల కోసం చిన్నా, పొన్నా సైజులు విడిగా ఉండేవి. పిల్లల కాలికి తగ్గ సైకిలు ఇవ్వాలన్న సంగతి ఆ షాపు యజమానికి ఎవరూ నేర్పలేదు, తనకే తెలుసు!

అసలు సైకిలు పుట్టుకలోనే ఈ లెక్క ఉంది. ముందు పెద్ద చక్రం, వెనక బుల్లి చక్రం ఉండే పాతకాలపు సైకిలు బొమ్మ చూసే ఉంటారు. పెడళ్లు ఆ పెద్ద చక్రానికే ఉండేవి కాబట్టి, చక్రం సైజు తొక్కేవాడి కాలి పొడవుని బట్టే కొనాలి. ఎదుగుతాడు కదా అని పెద్ద చక్రం కొంటే కాలే అందదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాక, రెండు చక్రాలూ ఇంచుమించు సమానమై, చెయినుతో నడవడం మొదలయ్యాక ఆ బలవంతం పోయింది. సౌకర్యం పెరిగింది, దాంతోపాటే ఒకే సైజు అందరికీ అంటగట్టే వెసులుబాటూ వచ్చింది.

ఆ అంటగట్టుడుని ఒప్పుకోనిది ఇద్దరు ఆడవాళ్లు. అమెరికాలో జార్జీనా టెర్రీ మెకానికల్ ఇంజనీరు. పొట్టిగా ఉండే ఆడవాళ్లకి రేసు సైకిళ్లు ఎందుకు నప్పవో లెక్కలు వేసి చూసింది. ఫ్రేము చిన్నది చేస్తే పెద్ద చక్రం అడ్డొస్తోంది. అందుకని ముందు చక్రం మాత్రం 24 అంగుళాలది పెట్టి, వెనక మామూలు చక్రమే ఉంచి, 1985లో సొంత కంపెనీ మొదలుపెట్టింది. చూడ్డానికి కాస్త వింతగా ఉండేది, కానీ చేతులు అందేవి. బ్రిటన్‌లో ఐలా రౌన్‌ట్రీ స్వయంగా సైక్లోక్రాస్ చాంపియన్. తెలిసినవాళ్లు పిల్లల సైకిళ్ల గురించి సలహా అడుగుతుంటే, బజారులో చెప్పదగ్గ సైకిలే లేదని విసిగి 2005లో ఐలాబైక్స్ పెట్టింది. పిల్లల చేతివేళ్లకి తగ్గ బ్రేకు లివర్లు, పిల్లల కాళ్లకి తగ్గ పొట్టి పెడలు రాడ్లు, ఇలా ఒక్కో భాగాన్నీ పిల్లల కొలతతోనే చేయించింది. ఆ సంస్థ 2023లో కొత్త సైకిళ్ల తయారీ ఆపేసింది గానీ, పిల్లల సైకిలంటే పెద్ద సైకిలుని కుదించడం కాదన్న పాఠం ఆ రంగంలో అందరూ నేర్చుకున్నారు.

మడత పెట్టాల్సిన చోట్లు

మరి ఎదుగుదలకి జాగా ఉంచొద్దా అంటే, ఉంచాలి. ఫ్రేములో కాదు. సైకిలుకి కూడా పరికిణీలాగే మడతలున్నాయి. అవి ఎక్కడున్నాయో తెలుసుకుంటే చాలు.

మొదటి మడత సీటు కింది రాడ్డు. ఈరోజు పిల్లకి సరిపోయే ఫ్రేము మీద సీటు బాగా కిందికే ఉంటుంది, రాడ్డు చాలా భాగం లోపలే ఉంటుంది. అది పైకి లాగుతూ పోవచ్చు. రాడ్డు మీద ఒక గీత చెక్కి ఉంటుంది, ఆ గీత బయటికి కనిపించేంత ఎత్తుకి మాత్రం ఎప్పుడూ లాగకూడదు. ఫ్రేము పగలొచ్చు, రాడ్డు విరగొచ్చు.

రెండో మడత, ఫ్రేముకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే ముక్క. స్టెమ్ అంటారు. పెద్ద సైకిళ్లకి ఇది 100, 110 మిల్లీమీటర్లుంటుంది. పిల్లకి 60, 70తో మొదలుపెట్టి, ఎదిగేకొద్దీ పది పది మిల్లీమీటర్లు పెద్దది మార్చుకుంటూ పోవచ్చు. ఫ్రేముతో పోలిస్తే దీని ఖరీదు ఏ మూలకి! స్టెమ్ కింద ఉండే రింగులు మూడోది. మొదట్లో అవి అన్నీ కిందే ఉంచి హ్యాండిల్ ఎత్తుగా పెట్టాలి. పిల్లకి నడుం వంగడం అలవాటయ్యాక ఒక్కొక్కటీ తీసి పైన వేసుకోవచ్చు.

ఈ మడతలు ఏ వరసలో విప్పాలో ప్రకృతే చెబుతుంది. ఎదిగే వయసులో ముందు కాళ్లు సాగుతాయి, తరవాత మొండెం. అందుకే మన పిల్లలు కొన్నాళ్లు కొంగల్లా కనిపిస్తారు. కాబట్టి ముందు సీటు లేస్తుంది, కొన్ని నెలల తరవాత స్టెమ్ మారుతుంది. ఆడపిల్లలు పదకొండు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పదమూడు పద్నాలుగు దగ్గర గబగబా ఎదుగుతారు. ఆ ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఇక్కడ అమ్మలకే తెలిసే లెక్క ఒకటుంది. పిల్ల పెద్దమనిషి అయ్యాక ఎదుగుదల నెమ్మదిస్తుంది, రెండు మూడేళ్లలో దాదాపు ఆగుతుంది. కాబట్టి ఖరీదైన సైకిలు కొనాలని మీకు గట్టిగా ఉంటే, అది అయ్యాక ఏడాది ఆగి కొనండి. అంతకుముందు కొనేది ఎలాగూ మారేదే. ఈ మాట ఏ షాపులోనూ చెప్పరు, నాన్నలకి తట్టదు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పిల్లని గోడకి ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబెట్టి, రెండు కాళ్ల మధ్య ఓ లావుపాటి పుస్తకం నిలువుగా పైకి ఆనించి, నేల నుంచి పుస్తకం పై అంచుదాకా టేపుతో కొలవండి. మా చెల్లెలి కూతురికి 66 సెంటీమీటర్లొచ్చింది. దానికి నూటికి తొమ్మిది వంతులు కలిపితే ఇంచుమించు 72. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు, పెడలు పైభాగం నుంచి సీటు పైభాగానికి అంత దూరం ఉండాలన్నమాట. ఇది మొదలుపెట్టడానికే. తరవాత మడమ పెడలు మీద పెట్టించి చూడండి. కాలు నిటారుగా సాగాలి, తుంటి పక్కకి వాలకూడదు. తొక్కేటప్పుడు మునివేళ్ల దగ్గరి భాగంతో తొక్కుతుంది కాబట్టి మోకాలు చిన్నగా వంగి ఉంటుంది. అదే కావాలి. సైకిలు మధ్య దిగి నిలబడితే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆని, ఇంకా కాస్త ఖాళీ మిగలాలి. చేతులు బ్రేకుల దగ్గర పెట్టుకుని, హార్మోనియం వాయించినట్టు వేళ్లు ఆడించమనండి. ఆడితే బరువు చేతుల మీద లేదని అర్థం. ఎత్తు గుర్తులు తలుపు చట్రం మీద పెన్సిలుతో ఎలాగూ గీస్తాం కదా, రెండు మూడు నెలలకోసారి ఆ పక్కనే ఈ కాలి కొలతా రాసిపెట్టండి.

ఎవరూ చూడనిది పెడలు రాడ్డు పొడవు. క్రాంక్ లోపలివైపు 170 అనో 165 అనో చెక్కి ఉంటుంది. అది పెద్దవాళ్ల లెక్క. ఎత్తులో పదో వంతు అన్నది పిల్లలకి ఓ మోటు లెక్క. 145 సెంటీమీటర్ల పిల్లకి 145 మిల్లీమీటర్లు, కుదరకపోతే 150. పొడవెక్కువైతే ప్రతి చుట్టుకీ మోకాలు పొట్టలోకి పొడుచుకొస్తుంది. నిమిషానికి ఎనభై సార్లు అలా జరిగితే మోకాలి గతేమిటి? పొట్టి రాడ్లు అన్ని షాపుల్లో ఉండవు, తెప్పించమని పట్టుబట్టాలి. చక్రాల సంగతికొస్తే, అయిదడుగుల దగ్గరికి వచ్చేదాకా 24 లేదా 26 అంగుళాల చక్రమే మేలు. పెద్ద చక్రం బుల్లి ఫ్రేముకి తగిలిస్తే, మలుపు తిప్పేటప్పుడు బూటు ముందుభాగం చక్రానికి రాసుకుంటుంది. షాపు ముందు నెమ్మదిగా ఓ గుండ్రం తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

గేర్ల విషయంలో కాస్త జాగ్రత్త. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం పోతుందన్నదే గేరు బరువు. రోడ్డు పందేల్లో 17, 18 ఏళ్ల జూనియర్లు చుట్టుకి 7.93 మీటర్లకి మించిన గేరు వాడకూడదని అంతర్జాతీయ సమాఖ్య చాలాకాలం నిబంధన పెట్టింది. 2023 జనవరి నుంచి దాన్ని ఎత్తేశారు. నిబంధన పోయినా మోకాళ్లు అవే కదండీ! పిల్లల పోటీలకి వేరే నియమాలేవైనా ఉన్నాయేమో నిర్వాహకుల్ని ముందే అడగండి. ఇంట్లో కొలుచుకోవడం ముగ్గు వేసినంత తేలిక. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, పెడలు సరిగ్గా ఒక చుట్టు తిప్పి సైకిలు నడిపించి, మళ్లీ గీత గీసి కొలిస్తే సరి. ఎదిగే పిల్లలకి మోకాలిచిప్ప కింద, ఎముక బుడిపెలా ఉండే చోట నొప్పి రావడం తరచూ ఉన్నదే. బరువు గేరు దాన్ని ఇంకా రేపుతుంది. నొప్పంటే బామ్మగారి నూనె మర్దనాతో సరిపెట్టక డాక్టరుకి చూపించి, కొన్నాళ్లు తొక్కడం తగ్గించాలి.

తేలికైన సైకిలు కావాలని పిల్లలు కార్బన్ ఫ్రేముల మీద పడతారు. వాళ్ల వాదనలో కొంత నిజముంది. 36 కిలోల పిల్లకి 9 కిలోల సైకిలంటే తన బరువులో నాలుగో వంతు. అరవై కిలోల మనిషికి పదిహేను కిలోల సైకిలు ఇచ్చినట్టు. అయినా ఈ వయసులో అల్యూమినియమే నయం. పిల్లలు పడతారు, సైకిలు గోడకి గుద్దుతారు. కార్బన్‌లో లోపలి పగులు పైకి కనబడకపోవచ్చు. మిగిలిన డబ్బు మంచి టైర్లకీ బ్రేకులకీ పెట్టండి. గాలి కూడా పెద్దవాళ్లకి కొట్టినట్టు వంద కొట్టించకండి. 28 మిల్లీమీటర్ల టైరుకి ఈ బరువు పిల్లలకి అరవైలోపే చాలు, లేకపోతే గతుకు గతుకుకీ సైకిలు ఎగిరిపడుతుంది. హెల్మెట్టుకి మాత్రం ఏ మడతా లేదు. ఈరోజు తలకి ఈరోజు సరిపోవాలి. గట్టిగా ఒకసారి దెబ్బ తగిలితే, పైకి బాగానే కనిపించినా, మార్చేయాల్సిందే.

అమ్మ అడగాల్సిన మాట

ఆడపిల్ల రేసులకి వెళ్తానని మొదలుపెట్టి, ఆరు నెలలకి "నాకిష్టం లేదు" అని మానేస్తే, చదువు ఒత్తిడనుకుంటాం, బద్ధకమనుకుంటాం. చాలాసార్లు కారణం సీటు. కూర్చునే చోట ఒరుసుకుపోయి పుళ్లు పడతాయి, ముందుభాగంలో నొప్పి, మంట. కోచ్ మగవాడైతే చెప్పదు. నాన్నకి అసలే చెప్పదు. అడగాల్సింది మనమే. అదీ మొహమాటం లేకుండా, తల దువ్వుతూనో, రాత్రి పడుకునే ముందో. మగపిల్లల సీటు ఆడపిల్లలకి అంతగా నప్పదు. కూర్చునే ఎముకలు రెండూ సీటు వెడల్పు మీద ఆనాలి. మధ్యలో గాడి ఉన్న సీటు కొందరికి సుఖం. సీటు సమంగా పెట్టి, అప్పటికీ ముందుభాగంలో నొప్పంటే ముక్కు రవ్వంత కిందికి వంచాలి. మరీ వంచితే మళ్లీ జారిపోయి బరువంతా చేతుల మీద పడుతుంది. సైకిలు పెద్దదైనప్పుడు కూడా పిల్ల సీటు కొసకి జారుతుందని పైన చెప్పుకున్నాం కదా. అందుకే సీటు మార్చడానికి ముందు సైజు చూసుకోవాలి.

మెత్త ఉన్న సైకిలు షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మన పిల్లలకి ఈ సంగతి తెలియక లోపల డ్రాయరు వేసుకుంటారు, ఆ కుట్లే ఒరుసుకుంటాయి. ఒకసారి వేసుకున్నది ఉతక్కుండా మళ్లీ వేసుకోకూడదు, ఎండలో ఆరేయాలి. రెండు జతలుంటే ఉతికి ఆరేసుకోవడానికి వీలు. నెలసరి రోజుల్లో తొక్కాలా వద్దా అన్నది పిల్ల ఇష్టం. తొక్కగలిగితే తొక్కనివ్వండి, ఓపిక లేదంటే ఆరోజుకి వదిలేయండి. కోచ్‌కి చెప్పాల్సింది చెప్పే పూచీ మనం తీసుకుంటే పిల్లకి సగం భారం తగ్గుతుంది.

ఇక డబ్బు. రెండేళ్లకోసారి సైకిలు మార్చడమంటే మాటలు కాదని నాకూ తెలుసు. అందుకే మొదటిది కొత్తదే కావాలని పట్టుపట్టకండి. పిల్లలు సైకిలు అరగదీసేలోపే పొట్టిదైపోతుంది కాబట్టి, వాడిన పిల్లల సైకిళ్లు చాలావరకు బాగానే ఉంటాయి. సైకిలు తొక్కేవాళ్ల బృందాల్లో, శిక్షణ ఇచ్చే చోట అడిగితే దొరుకుతాయి. మనది పొట్టిదయ్యాక అక్కడే అమ్ముకోవచ్చు కూడా. పెద్ద సైజు కొనేసి రెండేళ్లు ఇబ్బందిపడే కంటే, సరైన సైజు పాతది కొని, రెండేళ్లు తొక్కి, వచ్చిన ధరకి అమ్మేస్తే నికరంగా పోయేది తక్కువ.

పాతది చూసేటప్పుడు పగలు, వెలుతుర్లో చూడండి. హ్యాండిల్ గొట్టం ఫ్రేముతో కలిసే అతుకుల దగ్గర, పెడళ్ల దగ్గర పెయింటు సన్నగా చీలినట్టుంటే వదిలేయండి. చక్రాలు గాల్లో తిప్పితే ఊగకూడదు. ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర లొటలొటలాడకూడదు. చెయిను, టైర్లు అరిగితే ఫరవాలేదు, మార్పించుకోవచ్చు, ఆ మేరకి ధర తగ్గించమనండి. సీటు రాడ్డు ఒకసారి పైకి లాగించి, మళ్లీ దింపించి చూడండి. ఏళ్ల తరబడి కదపకపోతే అది లోపల బిగుసుకుపోతుంది. అది కదలని సైకిలు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.